రాతిపని రక్తంలో రాదు

మొన్న వానాకాలంలో విశాఖ ఆరిలోవలో మా ఇంటి వెనక గోడ మధ్యలో పొట్ట ఉబ్బినట్టు ముందుకొచ్చేసింది. కొండవాలు మీద ఇల్లున్నవాళ్లకి ఆ టెన్షన్ ఏంటో తెలుసు. వెనక ఏడడుగుల ఎత్తున మట్టి, దాన్ని ఆపుతూ ఒక రాతి గోడ, ఆ గోడ పక్కనే మన వంటగది. కట్టించి నిండా నాలుగేళ్లు కూడా కాలేదు. కట్టిన మనిషికి ఫోన్ చేస్తే పైన సిమెంటు పూత వేస్తే సరిపోతుందన్నాడు. నమ్మబుద్ధి కాలేదు. అడవివరం నుంచి మా మావయ్యని పిలిపించాను. అరవై దాటాయి ఆయనకి, సుత్తి పక్కన పెట్టి పదేళ్లయింది.

ఆయన చేసింది రెండే పనులు. అరచెయ్యి గోడకి ఆనించి, రాసుకుంటూ ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నడిచాడు. తర్వాత సుత్తితో ఒక్కో రాయినీ తట్టుకుంటూ వెనక్కి వచ్చాడు. కొన్ని చోట్ల ఖంగుమంది. ఉబ్బిన చోట మాత్రం డొల్లగా, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు మోగింది. "లోపల ఏటీ లేదమ్మా, మట్టే. దీనికి ముందొక చర్మం, వెనకొక చర్మం ఉన్నాయి గానీ ఎముకే లేదు" అన్నాడు.

విప్పించి చూస్తే సరిగ్గా అంతే. ముందు వరస రాళ్లు అందంగా పేర్చారు, వెనక ఇంకో వరస పేర్చారు, రెండింటి మధ్యలో మట్టి, చిన్న రాతి చిప్పలు, కాస్త సిమెంటు పోసి మూసేశారు. ముందు వరసనీ వెనక వరసనీ కలిపి పట్టుకునే పొడుగు రాయి మొత్తం గోడలో ఒక్కటి కూడా లేదు. వాన నీరు బయటికి రావడానికి ఒక్క గొట్టం లేదు.

మావయ్య ఆరో తరగతితో చదువు ఆపేశాడు. ఇలాంటి మనిషిని చూసినప్పుడు మన వాళ్లు వెంటనే అనేమాట ఒకటుంది, వాళ్లకది రక్తంలోనే ఉంటుంది అని. మెచ్చుకోలుగానే అంటారు, కానీ ఆ మాట నాకు నచ్చదు. రక్తంలోనే ఉంటే అదే రక్తం నాదీ, నాకు రాదు. ఆయన సొంత కొడుకు, మా బావకీ రాదు. పైగా రక్తంలో ఉందని అనుకుంటే ఆ పని ఆగిపోయినప్పుడు కూడా మన దగ్గర తేలిగ్గా ఒక జవాబు ఉంటుంది, ఈ కాలం పిల్లలకి ఆసక్తి లేదు అని. అసలు జరిగింది అది కాదు. ఒక ఇంట్లో రాతిపని తండ్రి నుంచి కొడుక్కి ఎలా వెళ్లేదో, ఏ ఏ చోట్ల తెగిందో విడివిడిగా చూస్తే వేరే కథ కనిపిస్తుంది.

ముందు ఒక చిక్కు విప్పాలి. రాతిపని అనే ఒక్క మాట కింద మనం మూడు వేర్వేరు పనుల్ని కలిపేస్తాం. కొండలో బండ విడగొట్టి, రాయిని సైజు చేసి, గోడలూ బావులూ చెరువుగట్ల రాతికట్టూ కట్టేది ఒకటి. అది ఎక్కువగా వడ్డెర కుటుంబాల చేతుల్లో ఉండేది, మా అమ్మ పుట్టిల్లు అదే. విగ్రహాలు, గుడి స్తంభాలు చెక్కే శిల్పులు వేరు. వాళ్లు విశ్వబ్రాహ్మణుల్లో ఒక శాఖ, వాళ్లకి శిల్పశాస్త్రం ఉంది, తాళమానం అనే కొలతల లెక్క ఉంది, తిరుపతిలో 1960 నుంచి టీటీడీ శిల్ప కళాశాల ఉంది. ఆళ్లగడ్డ, దుర్గి శిల్పాలకి జీఐ, అంటే ఆ ఊరి పేరు మీద ఇచ్చే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మూడోది సిమెంటుతో పాటు పెరిగిన తాపీపని, అది ఏ ఇంటివాళ్లయినా నేర్చుకుంటున్నారు. మొదటిదానికి మాత్రం శాస్త్రగ్రంథం లేదు, కళాశాల లేదు. ఇంటి దారి ఒక్కటే దాని దారి. అందుకే ఆ దారి మూసుకుపోతే దానికి జరిగే నష్టం మిగతా రెండింటికీ జరగదు.

ఇంతకీ ఆ దారిలో వెళ్లేది ఏంటి? సుత్తి పట్టడం ఎవరైనా నెల రోజుల్లో నేర్చుకుంటారు. అసలు విద్య అంతా రాయిని పోల్చుకోవడంలో ఉంది, అదీ మన చుట్టుపక్కల కొండల రాయిని.

విశాఖ చుట్టూ ఉన్న కొండల్లో ఎక్కువగా కనిపించేది ఖొండలైట్. తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. పూరీ, కోణార్క్ ఆలయాలు ఈ రాయితో కట్టినవే. దగ్గర్నుంచి చూస్తే పొరలు పొరలుగా ఉంటుంది, మధ్యలో గురివింద గింజల్లా ఎర్రగా గార్నెట్ అనే ఖనిజం గింజలు. గాలికీ వానకీ తుప్పు రంగు తేలి, కొన్నాళ్లకి పొర పొరా ఊడుతుంది, కోణార్క్‌లో బొమ్మల మొహాలు అరిగిపోవడానికి సముద్రపు గాలితో పాటు ఈ రాయి స్వభావం కూడా కారణం. బీచ్‌లో అల వెనక్కి పోయాక ఇసుక మీద ఎర్రగా ఒక చార మిగులుతుంది చూడండి, అందులో ఉన్నవి కొండల్లోంచి కొట్టుకొచ్చిన ఈ గార్నెట్ గింజలే. రెండోది చార్నొకైట్. కలకత్తాలో జాబ్ చార్నాక్ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి సమాధి మీది రాయిని చూసి హాలండ్ అనే శాస్త్రవేత్త 1893లో ఆ పేరు పెట్టాడు. ముదురు రంగులో, నూనె రాసినట్టు నిగనిగలాడుతూ, చాలా గట్టిగా ఉంటుంది. మా తాతకి ఈ పేర్లేవీ తెలియవు. ఆయన లెక్కలో ఒకటి పొర రాయి, ఒకటి నల్ల రాయి. కానీ ఏ రాయి గోడలో ఎక్కడికి వెళ్లాలో ఆయనకి తెలుసు. నల్ల రాయి పునాదికి, మూలలకి. పొర రాయి గోడ నడుముకి, అదీ పొరలు అడ్డంగా, పుస్తకాలు ఒకదాని మీద ఒకటి దొంతి పెట్టినట్టు ఉండాలి. అదే రాయిని పుస్తకం అరలో నిలబెట్టినట్టు పెడితే నీళ్లు పొరల మధ్యకి దిగి, పైబరువుకి ఒక్కో పొరా బయటికి ఊడొస్తుంది.

మా గోడలో చాలా రాళ్లు అలా నిలబెట్టినవే. ఎందుకు నిలబెడతారంటే, అలా పెడితే రాయి మొహం పెద్దగా కనిపిస్తుంది, తక్కువ రాళ్లతో ఎక్కువ గోడ లేస్తుంది. గోడ మొహాన్ని చదరపు అడుగుల్లో కొలిచి డబ్బులిచ్చే పద్ధతిలో లోపలి రాయికి లెక్క లేదు కదా. ఇది కట్టినవాడి చెడ్డతనం అనుకుని ఊరుకోలేం. ఏ పనికి డబ్బులిస్తే ఆ పనే జరుగుతుంది, లోపలి పనికి డబ్బులివ్వడం మనమే మానేశాం.

రాయిలో వాటం అని ఒకటుంటుంది. ఏ వైపు నుంచి కొడితే తిన్నగా చీలుతుందో, ఏ వైపు కొడితే ముక్కలవుతుందో ముందే పోల్చుకోవడం. బండ మీద గీత గీసి, గీత పొడుగునా చిన్న గుంతలు తీసి, ఒక్కోదాంట్లో ఇనుప చీల దించి, ఈ చివర నుంచి ఆ చివరిదాకా వరసగా ఒక్కో దెబ్బ వేసుకుంటూ వెళ్తారు. ఒక్క చీలనే పట్టుకుని గట్టిగా బాదేస్తే పని పాడవుతుంది. ప్రతి చుట్టుకీ చీల మోత సన్నబడుతుంది, ఒక దశలో గంటలా పలుకుతుంది, అప్పుడు ఆపేసి కూర్చోవాలి. నా చిన్నప్పుడు తాత అలా ఆపి చుట్ట వెలిగించుకోవడం నాకు గుర్తుంది. మేం పిల్లలం బండ చుట్టూ చేరి చూస్తూ ఉండేవాళ్లం. ఎవరూ ముట్టుకోకుండానే, చుట్ట సగం అయ్యేలోపు, బండ టప్పుమని విడిపోయేది.

ఉలి సంగతి కూడా చెప్పాలి, అది ఇప్పుడు దాదాపు చూడలేం. తాత పెరట్లో చిన్న కొలిమి ఉండేది. చీకటి పడే వేళకి ఆ రోజు మొద్దుబారిన ఉలులు పదీ పదిహేను తెచ్చి బొగ్గుల్లో పెట్టేవాడు. ఎర్రగా కాలాక సాగగొట్టి మొన తీసి, మళ్లీ కాల్చి, మొన ఒక అంగుళం మాత్రం నీళ్లలో ముంచి వెంటనే తీసేసేవాడు. ఆ మొనని గబగబా రాతికి రుద్ది తెల్లగా చేసి కళ్లార్పకుండా చూసేవాడు. వెనక మిగిలిన వేడి మొన వైపు పాకుతుంటే ఉక్కు మీద రంగులు నడిచొస్తాయి, ముందు ఎండుగడ్డి రంగు, దాని వెనక గోధుమ, తర్వాత ఊదా, చివరికి నీలం. గడ్డి రంగు మొన అంచుకి చేరిన క్షణం ఉలి మొత్తం నీళ్లలో పడాలి. ముందే ముంచితే మొన గాజులా విరుగుతుంది, ఆలస్యమైతే మెత్తబడి రాయి మీద వంగిపోతుంది. ఎండలో ఆ రంగులు కనపడవు, అందుకే ఆ పని చీకటిపడే వేళకి ఉంచేవాడు. నల్ల రాయికి ఒక రంగు దగ్గర, పొర రాయికి ఇంకో రంగు దగ్గర ఆపేవాడట. ఆ తేడా మావయ్యకి తెలుసు, కానీ అడిగితే చెప్పలేకపోయాడు. "చూస్తే తెలుస్తాదమ్మా" అన్నాడు. కార్బైడ్ మొన ఉన్న ఉలులు వచ్చాక కొలిమితో అవసరం తీరిపోయింది, అవి నిజంగా మంచివే, చెయ్యికి శ్రమ తగ్గింది.

చూస్తే తెలుస్తుంది అన్న మాట దగ్గరే ఈ విద్య ఎలా పాకుతుందో దొరుకుతుంది. మా ఇంట్లో నేర్చుకునే వరస ఇలా ఉండేది: ముందు నీళ్లు మొయ్యడం, రాళ్లు తడపడం, ఏ కుప్పలో రాయి ఆ కుప్పలో వెయ్యడం. రెండేళ్లకి సందుల్లో చిప్పలు దూర్చడం. తర్వాత గోడ లోపలి నింపుడు, ఆ తర్వాత ఎవరికీ కనపడని వెనక వైపు, ఆ తర్వాతే ముందు మొహం. మూల అన్నిటికన్నా ఆఖరు. మూల కట్టనిస్తే మేస్త్రి అయినట్టు. మాటలతో పాఠం ఉండదు. కుర్రాడు రాయి పెడతాడు, తండ్రి వచ్చి సుత్తితో తట్టి, బాగోకపోతే తీసి కింద పడేస్తాడు. ఎందుకో చెప్పడు. కుర్రాడు మళ్లీ పెడతాడు. రోజుకి నలభై యాభైసార్లు అలా జరిగితే, ఏడెనిమిదేళ్లకి ఆ తీసి పడేసే చెయ్యి కుర్రాడి లోపలికి వస్తుంది.

ఏడెనిమిదేళ్లు! ఆ కాలమంతా కుర్రాడు రాయి పాడుచేస్తాడు, పని ఆలస్యం చేస్తాడు. ఏ బయటి యజమాని ఆ నష్టం భరిస్తాడు? భరించేది తండ్రి మాత్రమే, ఎందుకంటే ఆ కుర్రాడు కూలి అడగడు, రేపు ఇంటి పని ఎలాగూ వాడిదే. అంటే కుటుంబం అనేది ఇక్కడ శిక్షణ ఖర్చు మోసే పద్ధతి. నా ఉద్దేశంలో ఈ విషయం మొత్తానికి కీలు ఇదే. తండ్రికి ఏడాది పొడుగునా రాతి గోడ పని దొరికినంతకాలం ఆ లెక్క నడిచింది. ఊళ్లో ఇళ్లన్నీ కాంక్రీటు స్తంభాలతో లేవడం మొదలయ్యాక తండ్రికే నెలకి పది రోజుల పని. మిగతా ఇరవై రోజులు కుర్రాడు ఏం చూసి నేర్చుకోవాలి? సిమెంటు బస్తాలు మోస్తే మొదటి రోజు నుంచే పూర్తి కూలి వస్తుంటే ఏడేళ్లు నేర్చుకోవడం ఇంటికి నష్టం కిందే లెక్క. అదే కొండ రాయి ఇప్పుడు క్రషర్‌లోకి వెళ్లి కంకర అవుతోంది, కంకరకి వాటం చూడక్కర్లేదు.

ఇందులో ఆడవాళ్ల మాట ఎవరూ ఎత్తరు. మా అమ్మమ్మ రాళ్లు మోసింది, కంకర కొట్టింది, తిరగళ్లకి కక్కులు కొట్టడానికి వీధులు తిరిగింది. ఏ రాయి డొల్లో తట్టి చెప్పగలిగేది. అయినా ఆమెని ఎవరూ మేస్త్రి అనలేదు. మా అమ్మకీ, నాకూ ఎవరూ ఉలి అందివ్వలేదు. ఇంట్లో సగం మందిని వదిలేసి వారసుల్లేరు అని బాధపడటంలో అర్థం ఏముంది?

వయసు సంగతి ఇంకో ముడి. మావయ్య తొమ్మిదేళ్లకే క్వారీకి వెళ్లాడు. ఇప్పుడు చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లని గనుల్లో, క్వారీల్లో పెట్టుకోకూడదు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో పనే వద్దంది, ఇంటి పనిలో బడి అయ్యాక సాయం చెయ్యొచ్చు గానీ ప్రమాదకరమైన పని కూడదంది. ఆ చట్టాలు రావడం మంచిదయింది, మావయ్య చిన్నతనం ఏ పిల్లాడికీ రావాలని నేను కోరుకోను. కానీ తొమ్మిది నుంచి పద్దెనిమిది దాకా ఇల్లు నేర్పే కాలం మూతపడినప్పుడు, పద్దెనిమిది తర్వాత ఎవరు నేర్పాలి, ఆ ఏడేళ్ల కూలి ఎవరివ్వాలి అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో శిల్పులు, రాళ్లు కొట్టేవాళ్లు, మేస్త్రీలు ఉన్నారు. పనిముట్లకి 15,000 రూపాయలు, శిక్షణ రోజులకి రోజుకి 500, అయిదు శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత రెండు లక్షల దాకా అప్పు. అర్హత ఉంటే తప్పకుండా తీసుకోండి. అయితే ప్రాథమిక శిక్షణ అయిదు నుంచి ఏడు రోజులే, పైగా కుటుంబానికి ఒక్కరికే. ఆ ఒక్కరు ఎవరవుతారో మా ఇళ్లల్లో వేరే చెప్పక్కర్లేదు, మగవాడే.

దుమ్ము గురించి కాస్త వివరంగా రాస్తాను, ఇది ప్రాణం సంగతి. చేతి ఉలితో కొడితే ఎక్కువగా చిప్పలు ఎగురుతాయి, కంటికి కనపడే దుమ్ము లేస్తుంది. అదీ మంచిది కాదు. కరెంటు కట్టర్‌తో పొడిగా కోస్తే లేచే దుమ్ములో కంటికి కనపడనంత సన్నటి సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల అడుగుదాకా దిగి అక్కడే ఉండిపోతుంది. దానివల్ల వచ్చేదే సిలికోసిస్. ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది, నయం చేసే మందు లేదు, టీబీ వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. మా తాత చివరి అయిదేళ్లూ దగ్గుతూనే ఉన్నాడు, ఆయనకి టీబీ మందులే వాడారు, ఏం పని చేస్తావని ఒక్క డాక్టరూ అడగలేదు. మా బావ గ్రానైట్ షాపులో కట్టర్ మీద పని చేస్తాడు. ముక్కుకి తువ్వాలు చుట్టుకుంటాడు. తువ్వాలు ఆ దుమ్ముని ఆపదు. రాయి మీద నీళ్లు పడుతూ ఉండగా కొయ్యాలి, ఎన్95 లాంటి మాస్క్ ముక్కుకి బిగుతుగా పెట్టాలి. ఈ మాట బావకి నేను కనీసం ఇరవైసార్లు చెప్పి ఉంటాను. అన్నట్టు బావ కోసే రాళ్లలో ఒకదాన్ని వ్యాపారంలో వైజాగ్ బ్లూ అంటారు. పేరు మనది, రాయి శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపుది. సింహాచలం కొండ పక్కన పుట్టిన బావకి ఆ రాయి బాగా తెలుసు, ఇంటి ఎదురుగా ఉన్న కొండ రాయి తెలియదు.

ఈ గోడల విద్య పాతకాలపు ముచ్చట కాదు, మన ఊరికి రోజూ అవసరమైంది. విశాఖ అంటేనే కొండవాలు మీద ఇళ్లు. 2025 ఏప్రిల్ 30న చందనోత్సవం రోజు తెల్లవారకముందే, వానలో, సింహాచలంలో కొత్తగా కట్టిన గోడ క్యూ మీద కూలి ఏడుగురు చనిపోయారు. ఆ వార్త వచ్చినప్పటి నుంచి వాన పడితే నేను మా వెనక గోడ వైపే చూస్తూ ఉండేదాన్ని.

మీరు మట్టిని ఆపే రాతి గోడ కట్టిస్తుంటే పని జరుగుతుండగానే చూడండి, అయ్యాక ఏమీ కనపడదు. గోడ మందం అంతా పట్టుకునే పొడుగు రాయిని ఇంజనీర్లు బాండ్ స్టోన్ అంటారు, మావయ్య ఎముక అన్నది దాన్నే. గోడ మరీ మందంగా ఉంటే రెండు రాళ్లు లోపల ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండాలి. అర చదరపు మీటరుకి కనీసం ఒకటి ఉండాలని భారత ప్రమాణాలూ చెబుతాయి. నీళ్లు పోయే గొట్టాలు మీటరుకొకటి చొప్పున ఉన్నాయా, వాటి వెనక మట్టి కాకుండా కంకర పోశారా చూడండి, తడిసిన మట్టి తోపుడు పొడి మట్టిలా ఉండదు. గోడ కాస్త కొండ వైపు ఒరిగి ఉండాలి. డబ్బులు మొహం కొలిచి కాకుండా మందంతో కలిపి కొలిచి ఇవ్వండి.

మా గోడ తిరిగి కట్టడానికి పదకొండు రోజులు పట్టింది. బావ షాపులో సెలవు పెట్టి వచ్చాడు. మావయ్య కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మొదటి రోజు బావ పెట్టిన రాళ్లలో సగం పైగా తీయించేశాడు, ఎందుకో చెప్పలేదు. మూడో రోజు మధ్యాహ్నం బావ ఒక రాయి పెట్టి, చేత్తో ఒకసారి కదిపి చూసి, మావయ్య నోరు తెరిచేలోపే తనే తీసి పక్కన పడేశాడు. మావయ్య ఏమీ అనలేదు, టీ తెమ్మని నాకు సైగ చేశాడు. ఎనిమిదో రోజు నుంచి నేనూ చిప్పలు దూర్చాను, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో.

రెండు మూలలూ మాత్రం మావయ్యే లేచి కట్టాడు. బావ అడిగాడు గానీ ఇవ్వలేదు, ఇంకా టైం ఉందన్నాడు.